కాలర్ మెడ జాకెట్టు

ఆస్ట్రేలియాలో పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో జాకెట్లు కుట్టే వసంతకుమారి ఎవరు చెప్పిన కొలతనూ నమ్మదు. ఆది జాకెట్టు ఇచ్చి ఇలాగే కుట్టండి ఆంటీ అంటే, దాన్ని అటూ ఇటూ తిప్పి, చంకల దగ్గర విప్పి మళ్ళీ కుట్టిన దారం కనిపెట్టి, "ఒళ్ళు చేసి ఎన్నాళ్ళయిందమ్మా?" అని మొహం మీదే అడుగుతుంది.

అపనమ్మకం కొలతలతో ఆగితే బాగానే ఉండేది. సూపర్‌మార్కెట్లో సగం ధర అని బోర్డు పెడితే, ముందు పెంచి తర్వాత తగ్గించారంటుంది. పక్కింటి తెల్లాయన పోనీలే పాపం అని ఆమె చెత్త బిన్ను రోడ్డు మీదకి లాగిపెడితే, వాళ్ళ చెత్త మన బిన్నులో పడేశాడేమోనని మూత ఎత్తి చూస్తుంది. ఎవరైనా పెరట్లో కాసిన కరివేపాకు తెచ్చి ఇస్తే, వీళ్ళకి నాతో ఏం పని పడిందో అని సాయంత్రం దాకా ఆలోచిస్తుంది. చీరాలలో ఉన్నప్పుడూ ఇంతే, పెర్త్ వచ్చాకా ఇంతే. నాన్న పోయాక మరీ ముదిరిందని కొడుకు బెన్‌హర్ విసుక్కుంటాడు. విసుక్కుంటే విసుక్కోనీ. ఒంటరి ఆడమనిషి పరాయి దేశంలో కుట్టు మిషను మీద ఒక కొడుకుని ఇంజనీరుని చేసిందంటే, అందులో ఆ అనుమానం చేసిన సాయం కూడా కొంత ఉంది మరి.

ఎడమ మణికట్టుకి ఆమె వెడల్పాటి తోలు పట్టీ ఉన్న మగవాళ్ళ గడియారం పెట్టుకుంటుంది. ఎండాకాలం రోడ్డు మీద తారు కరిగే రోజుల్లో కూడా తీయదు. ఆ పట్టీ కింద పచ్చబొట్టు ఉంది.

ఆమెకి ఆరేళ్ళప్పుడు పచ్చబొట్లు పొడిచే మనిషి వాళ్ళ వీధికి వచ్చింది. దీపం మసిలో ఏదో ఆకు పసరు కలిపి, సూదులు గుత్తిగా కట్టి, పిల్లలు ఏడవకుండా పాట పాడుతూ పొడిచేది. వసంతకుమారి తల్లి మంగళకి అప్పటికే మోచేతి దాకా పచ్చబొట్లున్నాయి. చచ్చాక మనతో వచ్చే నగ అదొక్కటేనని ఆ కాలపు ఆడవాళ్ళు గట్టిగా నమ్మేవాళ్ళు. బంగారం పెట్టే స్తోమత లేని మంగళ, కూతురి చేతి మీద తులసికోట పొడిపించి మురిసిపోయింది.

రెండేళ్ళకి ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. ఒంటి మీద పచ్చబొట్లు కూడదని మోషే ధర్మశాస్త్రంలోనే ఉందని బోధకుడు గట్టిగా చెప్పాడు. ఆ వారమే మంగళ అట్లకాడ ఎర్రగా కాల్చి తన చేతికి పెట్టుకుంది. తర్వాత కూతురి చెయ్యి పట్టుకుంది. పట్టుకుని కాసేపు చూసి, వదిలేసింది. ఆ చేతికి గుడ్డ కట్టి, ఎవరికీ చూపించొద్దని చెప్పింది. గుడ్డ పోయి గాజులొచ్చాయి, గాజులు పోయి గడియారం వచ్చింది. బెన్‌హర్ చిన్నప్పుడొకసారి చూసి ఇదేంటమ్మా అంటే, సూది గుచ్చుకుందిరా అని చెప్పింది. అందులో అబద్ధమేమీ లేదు.

అలాంటి తల్లి ఇంటికి బెన్‌హర్ డయానాని తీసుకొచ్చాడు.

డయానా తల్లిదండ్రులది గుంటూరు వైపు. తండ్రికి ఆ దేశంలోనే ఉత్తరాన ఉన్న డార్విన్‌లో గవర్నమెంటు ఉద్యోగం. పిల్ల అక్కడే పుట్టి పెరిగి, పెర్త్‌లో బడి పంతులమ్మగా చేరి రెండేళ్ళయింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులో వస్తుంది. చర్చిలో పాట పాడితే ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. వంట వచ్చు, వినయం ఉంది. ఎక్కడా వంక దొరక్కపోవడమే వసంతకుమారికి మొదటి అనుమానం.

రెండోది త్వరలోనే దొరికింది. ఆ పిల్ల మెడ ఎప్పుడూ కప్పే ఉంటుంది. సంఘంవాళ్ళంతా బీచికి వెళ్ళి బార్బెక్యూ పెట్టుకున్న రోజు, ఆడపిల్లలందరూ పల్చటి గౌన్లలో తిరుగుతుంటే డయానా గొంతు దాకా ఉన్న చొక్కాతో నీళ్ళలోకి దిగింది. పెళ్ళికి తెల్ల పట్టుచీర కొన్నారు, కాబోయే కోడలి జాకెట్టు అత్తగారే కుట్టాలనుకున్నారు. అప్పుడు ఆ పిల్ల అడిగిన మాట ఒక్కటే.

"ఆంటీ, కాలర్ నెక్ పెట్టగలరా? ఫుల్‌గా క్లోజ్ అయ్యేలాగా."

ఇన్నేళ్ళలో ఏ పెళ్ళికూతురూ అలా అడగలేదు. ఇంత వీపు కనిపించాలని పిల్లలు చేత్తో చూపిస్తారు, అంత వద్దని వసంతకుమారి చూపిస్తుంది, మధ్యలో ఎక్కడో రాజీ పడతారు. తనంతట తాను మెడ మూయమన్న పిల్ల దేన్నో మూయాలనే మూయమంటోంది.

మెడ కొలత తీస్తుంటే టీషర్టు అంచు కాస్త కిందకి జారింది. ఛాతీ నడిమధ్యలో, ఎముక మీద, ఒక చుక్క కనబడింది. ఆవగింజంత ఉంది. నీలమూ పచ్చా కలిసిన రంగు. పుట్టుమచ్చలు ఆ రంగులో ఉండవు. ఆ రంగుని రోజూ స్నానాల గదిలో చూసుకునే మనిషి వసంతకుమారి.

"అదేందమ్మాయ్?"

"ఏది ఆంటీ?" డయానా చటుక్కున చొక్కా పైకి లాక్కుంది. "నథింగ్."

ఏమీ లేనిదానికి చొక్కా అంత తొందరగా పైకి లాక్కోవడం ఎందుకు? వసంతకుమారికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ ఆదివారమే పెళ్ళి ప్రకటన మొదలైంది. సంఘం ప్రతి ఆదివారం మధ్యాహ్నం ప్రైమరీ స్కూలు హాల్లో కూడుతుంది. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్ళి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పవచ్చు అని వరసగా మూడు ఆదివారాలు పాస్టరు చదవాలి. ఈ దేశపు చట్టానికి దాంతో పనిలేదు. కానీ అది చదవకపోతే మనవాళ్ళకి పెళ్ళి అయినట్టే ఉండదు. పాస్టరుగారు మొదటిసారి చదివి ఆగినప్పుడు, ముందు వరసలో కూర్చున్న బెన్‌హర్ వెనక్కి తిరిగి తల్లి వైపు చూశాడు. సంతోషం పట్టలేక చూస్తున్నాడు పిచ్చినాగన్న అనుకుని, కష్టం మీద నవ్వింది.

మధ్యలో ఒకరోజు చంక కొలత తప్పొచ్చిందని పిల్లని మళ్ళీ పిలిపించింది. కొలత తప్పు రాలేదు. టేపు చుట్టే నెపంతో చూస్తే, ఒక పక్కన ఒక చుక్క, రెండో పక్కన ఇంకో చుక్క. మూడూ గీత గీసినట్టు ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఈ కాలపు పిల్లలు పొడిపించుకునే గులాబీలూ సీతాకోకచిలుకలూ అయితే నాలుగు తిట్టి ఊరుకునేది. ఇది షోకు కాదు. షోకుకి పొడిపించుకున్నది ఎవరూ దాచుకోరు. ఇలా లెక్కగా, కొలతగా, కనబడని చోట పొడిపించుకున్నారంటే అది మొక్కయినా అయి ఉండాలి, మంత్రగాడు వేసిన కట్టయినా అయి ఉండాలి. డార్విన్‌లో ఈ పిల్ల ఎవరితో తిరిగింది? ఏ దేవతకి ఏం మాటిచ్చింది? తన తల్లి చెయ్యి కాల్చుకుని వదిలించుకున్నది, ఒక్కగానొక్క కొడుకు కొంగుముడి వేసి ఇంట్లోకి తెస్తున్నాడా?

"ఒరే, ఆ పిల్ల ఒంటి మీద పచ్చబొట్లేమన్నా ఉన్నాయంట్రా?" అని కొడుకుని అడిగింది.

"ఏముంటాయమ్మా," అన్నాడు బెన్‌హర్, ఫోను లోంచి తల ఎత్తకుండా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. వీడికి తెలుసు, లేదా వీడికీ మందు పెట్టారు. రెండింట్లో ఏది నిజమైనా ఈ పెళ్ళి ఆపాల్సిందేనని ఆమె నిశ్చయించుకుంది.

రెండో ఆదివారం ప్రార్థన అయ్యాక, టీ గిన్నె దగ్గర సంఘ పెద్ద శౌరయ్యని పక్కకి పిలిచింది. శౌరయ్య పుట్టింది ఆర్సీఎం, అంటే కేథలిక్ కుటుంబంలో. జేబులో జపమాలతో పెరిగి నడివయసులో ఇటు వచ్చాడు కాబట్టి, ఈ సంఘంలోనే పుట్టినవాళ్ళకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. పోయినేడు ఓ కుర్రాడు భుజం మీద సిలువ పొడిపించుకొస్తే పెద్ద రభస చేశాడు. అన్నా, ఆ ఆజ్ఞ చచ్చినవాళ్ళ కోసం ఒళ్ళు కోసుకునే ఆనాటి ఆచారం గురించి కదా, దేవుడే మనల్ని తన అరచేతుల్లో చెక్కుకున్నానన్నాడు కదా అని పాస్టరుగారు నచ్చజెప్పబోతే, రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. వసంతకుమారి అప్పట్లో శౌరయ్య పక్షమే. గుడ్డల కొట్లో ఉండే ఈజిప్టు ఆవిడ మణికట్టు మీద చిన్న సిలువ ఉంటుంది. మా చర్చిలో పసిపిల్లలకే పొడుస్తాం, మేమెవరమో ఎవరూ కాదనకుండా అని ఆవిడ ఓసారి ముచ్చటగా చెప్పింది. ఆ రోజు కొన్న గుడ్డని వసంతకుమారి ఇంటికొచ్చి మళ్ళీ కొలిచింది.

"అన్నా, నా కళ్ళారా చూశా. మూడు చుక్కలు. ఏ దేవత మొక్కో ఏమో, నాకు భయంగా ఉంది."

శౌరయ్య కప్పు కింద పెట్టాడు. "మీరు నిబ్బరంగా ఉండండి సిస్టర్. ఇంకో ఆదివారం ఉందిగా."

ఆ శుక్రవారం డయానా బడి నుంచి సరాసరి ట్రయల్‌కి వచ్చింది. తెల్ల జాకెట్టు, కాలరు గొంతు దాకా. వసంతకుమారి సుద్దముక్క చేత్తో పట్టుకుని వెనక హుక్కులు పెట్టింది.

"ఊపిరాడతందా?"

"ఇట్స్ ఓకే ఆంటీ."

"ఊపిరాడకుండా ఏం దాస్తన్నావే తల్లీ నువ్వు?" అనేసింది.

అద్దంలో డయానా మొహం మారిపోయింది. "చూశారా?"

"చూశా. మూడున్నాయి. ఎవరు పొడిచారు? ఏం మొక్కది?"

"మొక్కు అంటే?" ఆ పిల్లకి మాట తెలియలేదు. తెలిశాక నవ్వింది. నవ్వుతూనే కుర్చీలో కూలబడింది. "నో ఆంటీ. హాస్పిటల్లో పెట్టారు. నైన్‌టీన్ అప్పుడు, యూనివర్సిటీలో ఉండగా, నాకు ఇక్కడ లోపల క్యాన్సర్ వచ్చింది." అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది. "రేడియేషన్ ఇస్తారు కదా, ఎవ్రీ డే. రోజూ కరెక్ట్‌గా సేమ్ ప్లేస్‌లో పడాలి. మనం కొంచెం జరిగినా కష్టం. సో ఈ డాట్స్ పెట్టి, వాటిని చూసి పడుకోబెడతారు. మీరు చాక్ పెడతారు చూడండి, బట్ట జరక్కుండా? అలాంటిదే. కాకపోతే ఇది పోదు."

వసంతకుమారి చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. బతుకంతా గుడ్డ మీద గుర్తులు పెట్టి, ఒకే ఎత్తులో ఉన్న మూడు చుక్కల్ని చూసి మొక్కు అనుకుంది. సిగ్గుతో ఆమెకి తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఇప్పుడో?"

"సిక్స్ ఇయర్స్ అయింది. క్లియర్."

"బెన్‌హర్‌కి తెలుసా?"

"ఫస్ట్ వీక్‌లోనే చెప్పాను. మీకు చెప్దామన్నాను కూడా. తనే వద్దన్నాడు."

"ఎందుకని?"

"యూ నో వై, ఆంటీ."

తెలుసు. ఎందుకు తెలియదు? అడగాలనుకున్నవి అప్పటికే నోటిదాకా వచ్చి ఉన్నాయి. మళ్ళీ తిరగబెడితే? పిల్లలు పుడతారా? నా కొడుకు చిన్న వయసులోనే ఒంటరి అయిపోతే? పచ్చబొట్టు కంటే పెద్ద అభ్యంతరమే ఇప్పుడు చేతికి దొరికింది. తను భర్తని పోగొట్టుకున్న మనిషి, ఆ భయం ఎలా ఉంటుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"చర్చిలో ఎవరికీ చెప్పకండి ప్లీజ్," అంది డయానా. "డార్విన్‌లో ప్రతి సండే ప్రేయర్ రిక్వెస్ట్స్‌లో నా పేరు చదివేవాళ్ళు. తగ్గిపోయాక కూడా చదివారు. నన్ను చూస్తే అందరికీ అదే గుర్తొచ్చేది. ఇక్కడ నేను జస్ట్ డయానా."

వసంతకుమారి ఏమీ అడగలేదు. హుక్కులు విప్పింది. పిల్ల వెళ్ళాక శౌరయ్యకి ఫోను చేసింది.

"అన్నా, నేను పొరబడ్డా. ఆ మాట వదిలెయ్యండి."

"మూడు చుక్కలు చూశానన్నారుగా సిస్టర్?"

"చూశా. అయ్యి మొక్కు కాదు."

"మరేంటి?"

"అది నేను చెప్పగూడదు."

"అబ్బాయి మిమ్మల్ని బెదిరించాడా? లేకపోతే వాళ్ళవాళ్ళు వచ్చి ఏమన్నా అన్నారా? నాతో చెప్పండి, భయం లేదు."

ఆ గొంతు శౌరయ్యదే కానీ ఆ మాటలు తనవి. ఆ చోట తనున్నా అచ్చం అదే అడిగేది. ఇంత గట్టి అనుమానాన్ని ఎలా ఆపాలో, ఇన్నేళ్ళు పెంచి పోషించిన మనిషికే తెలియలేదు.

మూడో ఆదివారం హాలు నిండిపోయింది. మాట పొక్కిందని కుర్చీల వరసలు చూస్తేనే తెలుస్తోంది. ఎప్పుడూ పాటలయ్యాక వచ్చేవాళ్ళు కూడా ముందే వచ్చి కూర్చున్నారు. పాస్టరుగారు పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పవచ్చు అన్నారు. బెన్‌హర్ వెనక్కి తిరిగి తల్లి వైపు చూశాడు. అప్పుడే అటుపక్క శౌరయ్య లేచాడు.

"అభ్యంతరం అనను అయ్యగారూ. అనుమానం తీర్చుకుందామంటున్నా. అమ్మాయి ఒంటి మీద పచ్చబొట్లు ఉన్నాయని మాట వచ్చింది. అన్యుల మొక్కులంటున్నారు. సిస్టర్లు ఇద్దరు పక్కగదిలోకి తీసుకెళ్ళి చూస్తే ఎవరికీ బాధ ఉండదు."

పాస్టరుగారి మొహం మాడిపోయింది. అందరి తలలూ డయానా వైపు తిరిగాయి. డయానా లేచి నిలబడింది. చెయ్యి మెడ దగ్గర గుండీ మీద ఉంది. ఇంకో క్షణం ఆగితే ఆ పిల్ల అంతమంది ముందూ చెప్పేస్తుంది. వచ్చే ఆదివారం నుంచి మళ్ళీ ప్రార్థనల్లో పేరు.

"కూర్చో అమ్మాయ్," అంటూ వసంతకుమారి లేచింది. బెన్‌హర్ మొహం పాలిపోయింది.

నడుస్తూనే గడియారం పట్టీ విప్పింది. ఇన్నేళ్ళు ఎండ తగలని ఆ చోటు తెల్లగా పాలిపోయి ఉంది. దాని మీద పచ్చగా తులసికోట. ఆ చెయ్యి తీసుకెళ్ళి శౌరయ్య మొహం ముందు పెట్టింది.

"ముందు నన్ను తీసకపోండి అన్నా పక్కగదిలోకి."

శౌరయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. "ఇది... మీరు రక్షణ పొందకముందుది కదా సిస్టర్. తెలియని వయసు. మీ తప్పేముంది?"

"నేను చెప్పకముందే నా తరఫున మీరే చెప్పారు, చూశారా? ఏం జరిగిందో అడగనన్నా లేదు. నాకైతే అంత దయ, ఆ పిల్లకైతే పక్కగదా?" చెయ్యి ఇంకా దించలేదు. "ఆ మాట పుట్టించింది నేనే. చూసింది నేను, పొరబడింది నేను, మీ చెవిన వేసింది నేను. అయ్యి మొక్కులు కావు. ఏందో నాకు తెలుసు, నా కొడుక్కి తెలుసు. మూడో మనిషికి అక్కర్లా. అభ్యంతరం చెప్పాల్సినదాన్ని నేను. నాకు లేదు."

పాస్టరుగారు హాలంతా ఒకసారి చూశారు. "ఇంకెవరికైనా?" అన్నారు. ఎవరూ లేవలేదు. శౌరయ్య కూడా కూర్చున్నాడు. కీబోర్డు దగ్గరున్న అమ్మాయి ఏ పాట అన్నది చూసుకోకుండానే ఒకటి మొదలుపెట్టేసింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు బెన్‌హర్ కారు నడుపుతున్నాడు. వసంతకుమారి పక్కన కూర్చుంది. గడియారం హ్యాండ్‌బ్యాగులో ఉంది. సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు బెన్‌హర్ నోరు తెరిచాడు.

"ప్రతి ఆదివారం వెనక్కి తిరిగి చూశాను, గుర్తుందా అమ్మా?"

"ఎందుకు గుర్తులేదు? సంతోషమై చూశావు."

"కాదమ్మా. నువ్వు లేస్తావేమోనని చూశా." స్టీరింగు మీద నుంచి చూపు తిప్పలేదు. "ఇవాళ లేచావు. ఇంక అయిపోయిందనుకున్నా."

వసంతకుమారి కిటికీ వైపు తిరిగింది. కన్నకొడుకు మూడు ఆదివారాలు తనని చూసి భయపడ్డాడు. తను దాన్ని సంతోషం అనుకుని నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోబోయి, ఆ చేతికి గడియారం లేదని గుర్తొచ్చి ఒళ్ళో దాచుకుంది.

వెనక సీట్లోంచి డయానా ముందుకి వంగి ఆ చెయ్యి తీసుకుంది. తులసికోట మీద బొటనవేలితో నెమ్మదిగా రాసింది.

"ఇది పెట్టినప్పుడు నొప్పి వచ్చిందా అత్తయ్యా?"

"వచ్చింది. ఊరంతా వినపడేట్టు ఏడ్చానంట. మరి నీకో?"

"కొంచెం," అంది డయానా.

వసంతకుమారి నమ్మలేదు.